మధ్య బొమ్మ కింద నా పేరు రాశారు

(ఆదివాసీ దినోత్సవం రోజు మా మండలంలో హాస్టల్ పిల్లలతో, యువతతో మాట్లాడిన మాటలివి. చదివేవాళ్ల కోసం కొంచెం పెంచి రాశాను.)



నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా క్లాసు వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చింది. మీరంతా చూసే ఉంటారు. ఎడమ పక్కన వంగి నడిచే కోతి లాంటి జీవి, దాని ముందు కొంచెం లేచి నిలబడ్డది ఇంకొకటి, దాని ముందు మరొకటి, కుడి చివర నిటారుగా నడిచే మనిషి. టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద కూడా వేస్తారు దాన్ని. మా గ్రూపులోకి వచ్చిన దాంట్లో చివరి మనిషి కింద క్లాసు టాపర్ పేరు ఉంది. మధ్యలో, సగం వంగి, చేతులు మోకాళ్ల దాకా వేలాడే బొమ్మ కింద నా పేరు ఉంది. దాని కింద వరసపెట్టి నవ్వే ఎమోజీలు.

నేను ఏడవలేదు. గ్రూపు నుంచి బయటికి కూడా రాలేదు, వస్తే ఓడిపోయినట్టని మొండికేశాను. కానీ జవాబు మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. చదివేది బీజెడ్‌సీ. జువాలజీ నా సబ్జెక్టు. అయినా లోపల ఎక్కడో ఒక అనుమానం: ఆ బొమ్మ సైన్సే కదా, మనోళ్లు నిజంగానే ఒక మెట్టు కింద ఉన్నారేమో అని. మీ దగ్గర దాచడమెందుకు, వాళ్ల నవ్వు కంటే ఆ అనుమానమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. అది ఏ తవ్వకాల్లోనూ దొరకలేదు. 1965లో అమెరికాలో టైమ్-లైఫ్ సంస్థ 'ఎర్లీ మ్యాన్' అనే పుస్తకం వేసింది. దానికోసం రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు పదిహేను జీవుల్ని వరుసగా గీశాడు. తర్వాత అందులో ఐదారు మాత్రం మిగిల్చి లోకమంతా తిప్పారు. వేరువేరు కాలాలవి, వేరువేరు కొమ్మలవి తెచ్చి ఒకే దారిలో నడిపించేసరికి, ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని, కుడి చివర ఉన్నవాడి కోసమే మిగతా అందరూ పుట్టారని జనం అనుకున్నారు.

మన తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషులో మంకీ వేరు, ఏప్ వేరు. మనకు రెండింటికీ కోతి అనే మాటే నోటికొస్తుంది. ఊళ్లో చిక్కుడు పాదులు పీకే కోతి, అడవిలో కొమ్మ నుంచి కొమ్మకు దూకే నల్లమూతి కొండముచ్చు, రెండూ తోకున్న మంకీలే. ఏప్‌లకు తోక ఉండదు. చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ ఇవి ఏప్‌లు. మన దేశంలో అడవిలో బతికేవి గిబ్బన్లే, అవి కూడా ఈశాన్య రాష్ట్రాల్లోనే. తెలుగు నేల అడవుల్లో ఒక్కటీ లేదు. తోక పోయి, ముడ్డిపూస చివర దాని గుర్తు మాత్రం మిగిలిన ఏప్ ఇంకొకటి ఉంది. అది ఇప్పుడు ఫోన్‌లో ఇది చదువుతోంది.

మరి మనిషి చింపాంజీ నుంచి పుట్టాడా? లేదు. మా పెదనాన్న కొడుకు నాకు అన్న. మా ఇద్దరికీ తాత ఒక్కడే. మా అన్న ముఖంలో తాత పోలికలు నాకంటే ఎక్కువే ఉన్నాయి అనుకోండి. అంతమాత్రాన మా అన్న నాకు తాత అయిపోతాడా? కోయోళ్ల ఇంటికి కొత్త మనిషి వస్తే మొదట ఏమడుగుతారు? మీది ఏ గట్టు అని. మూడో గట్టు వాళ్లు ఎక్కడున్నా అన్నదమ్ములు, ఐదో గట్టు వాళ్లు ఎక్కడున్నా అన్నదమ్ములు. వరస తెలిసిన మనకు పరిణామం అర్థం కావడం కష్టమేమీ కాదు. చింపాంజీకి, మనకు ఇద్దరికీ తాత అయిన జీవి సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద ఆఫ్రికాలో బతికింది. అది చింపాంజీ కాదు, మనిషీ కాదు. దాని పిల్లల పిల్లల్లో ఒక గుంపు ఒక వైపు పోయింది, ఒక గుంపు ఇంకో వైపు. మనం ఇక్కడికి రావడానికి పట్టిన 60, 70 లక్షల ఏళ్లూ చింపాంజీ కూడా మారుతూనే ఉంది. అది మన కోసం ఆగి కూర్చోలేదు.

2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ చెప్పింది తప్పన్నారు. కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదన్నది ఆయన వాదన. మా ముత్తాతకు ముత్తాతను కూడా ఎవరూ చూడలేదు సార్. అయినా ఆయన లేకుండా నేను లేను. చూడని దానికి కూడా సాక్ష్యం మిగులుతుంది. ఒకటి చెబుతాను. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ల కణాల్లో 24 జతల క్రోమోజోములు ఉంటాయి. మనలో 23 జతలే. ఒక జత ఏమైంది? ప్రతి క్రోమోజోము రెండు కొసల్లోనూ ఒక రకం డీఎన్‌ఏ అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి, తాడు విడిపోకుండా కొసన వేసిన ముడిలాగా. ఆ ముడి కొసలో ఉండాలి. కానీ మన రెండో నంబరు క్రోమోజోములో ఆ ముడి గుర్తులు నడిమధ్యలో కూడా ఉన్నాయి. అంటే ఎప్పుడో రెండు తాళ్లు కొసలు కలిసి ఒక్కటయ్యాయి. ఆ రెండు తాళ్లూ చింపాంజీలో ఇప్పటికీ విడివిడిగా కనబడతాయి. దీన్ని చదివిన రోజు నేను హాస్టల్ మేడ మీదికెక్కి చాలాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను.

డీఎన్‌ఏ అక్షరాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే చింపాంజీకి, మనకు తేడా వందలో 1.2 దాకా ఉంటుంది. గొరిల్లాతో తేడా అంతకంటే కొంచెం ఎక్కువ. ఒరాంగుటాన్‌తో 3 దాటుతుంది. ఇందులో ఒక తమాషా గమనించండి. చింపాంజీ, గొరిల్లా రెండూ నల్లగా, ఒళ్లంతా వెంట్రుకలతో ఒకే ఇంటివాళ్లలా కనబడతాయి. కానీ వరస కలిపి చూస్తే చింపాంజీకి గొరిల్లా కంటే మనమే దగ్గరి చుట్టం. రూపం చూసి వరస చెప్పకూడదు.

ఇక చనిపోయిన చుట్టాల దగ్గరికి వద్దాం. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో 32 లక్షల ఏళ్ల నాటి ఒక ఆడజీవి ఎముకలు దొరికాయి. లూసీ అని పేరు పెట్టారు. మెదడు చింపాంజీ మెదడు కంటే పెద్దదేం కాదు, కానీ రెండు కాళ్ల మీద నడిచింది. టాంజానియాలోని లేటోలీలో అగ్నిపర్వతం బూడిద మీద నడిచిన పాదాల గుర్తులు అంతకంటే పాతవి, 36 లక్షల ఏళ్లవి. అంటే పెద్ద మెదడు కంటే ముందే నడక వచ్చింది. తెలివి పెరిగాక లేచి నిలబడ్డామని అందరూ అనుకునేది, జరిగింది తలకిందులుగా.

మన దేశంలోనూ ఒక కథ ఉంది. శివాలిక్ కొండల్లో దొరికిన ఒక పాత ఏప్ దవడకు రామాపిథెకస్ అని పేరు పెట్టారు. 1960ల్లో అదే మనిషికి మూల పురుషుడని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా నమ్మారు. తర్వాత ఇంకా ఎముకలు దొరికేసరికి అది మన కొమ్మది కాదు, ఒరాంగుటాన్ కొమ్మది అని తేలింది. చెప్పినవాళ్లే తప్పయిందని ఒప్పుకున్నారు. సైన్సులో నాకు నచ్చేది ఇదే. మా రెవెన్యూ ఆఫీసులో ఇట్లా ఒప్పుకున్నవాళ్లను నేనింకా చూడలేదు.

నియాండర్తాల్ మనుషుల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి. 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో వాళ్ల ఎముకలు దొరికాయి. పదేళ్లకే ఎర్నెస్ట్ హెకెల్ అనే పేరున్న శాస్త్రవేత్త వీళ్లకు హోమో స్టుపిడస్ అని పేరు పెడదామన్నాడు. అంటే మొద్దు మనిషి. వాళ్ల గురించి ఏమీ తెలియకముందే పేరు రెడీ. తర్వాత ఫ్రాన్స్‌లో ఒక ముసలి నియాండర్తాల్ అస్థిపంజరం దొరికితే మార్సెలాన్ బూల్ అనే ఆయన దాన్ని చూసి, వీళ్లు మోకాళ్లు వంచి, మెడ ముందుకు వాల్చి నడిచేవాళ్లని రాశాడు. వాట్సాప్ బొమ్మలో నా పేరు రాసిన ఆకారం ఉంది చూడండి, ఆ వంకర నడకకు మూలం అక్కడే. 1957లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఎముకల్ని మళ్లీ పరీక్ష చేస్తే తేలిందేమిటంటే, ఆ ముసలాయనకు కీళ్లవాతం. మా తాతకు కూడా కీళ్లవాతమే. ఆయన నడక చూసి కోయ జాతి మొత్తం వంగి నడుస్తుందని రాస్తే ఎట్లా ఉంటుంది?

నియాండర్తాల్ మెదడు మన మెదడంత పెద్దది. ఇరాక్‌లోని షనిదార్ గుహలో దొరికిన ఒక మనిషికి కుడి చేయి మోచేతి నుంచి కిందికి లేదు, ఒక కన్ను దాదాపు కనబడదు, కాలు కుంటి. అన్నీ చిన్న వయసులో తగిలిన దెబ్బలే. అయినా ఆయన చాలా ఏళ్లు బతికాడు. వేటాడలేని మనిషికి మంచు కాలంలో ఎవరో ఒకరు తిండి పెట్టి ఉండాలి కదా. ఆ పెట్టినవాళ్లను మొద్దు మనుషులన్నారు.

ఇప్పుడు తేదీలు చూడండి. మన రకం మనుషులు, అంటే హోమో సేపియన్స్, ఆఫ్రికాలో సుమారు 3 లక్షల ఏళ్ల నుంచి ఉన్నారు. మొరాకోలోని జెబెల్ ఇర్హౌద్‌లో దొరికిన ఎముకల వయసు అది. వాళ్లు ఆఫ్రికాలో ఉన్న కాలంలోనే యూరప్‌లో నియాండర్తాళ్లు, సైబీరియా వైపు డెనిసోవన్లు, ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల చిన్న మనుషులు బతికి ఉన్నారు. ఒకే కాలంలో ఇన్ని రకాల మనుషులు. వరుసలో ఒకరి వెనక ఒకరు కాదు, వేరువేరు ఊళ్లలో పక్కపక్కన.

పక్కపక్కన ఉండి ఊరుకోలేదు. 2010లో స్వాంటే పాబో బృందం పాత ఎముకల్లోంచి నియాండర్తాల్ డీఎన్‌ఏ చదివింది. ఆయనకు 2022లో నోబెల్ వచ్చింది. ఆఫ్రికా బయట ఉన్న మనుషులందరిలో 1 నుంచి 2 శాతం దాకా నియాండర్తాల్ డీఎన్‌ఏ ఉంది. నాలో ఉంది, కలెక్టర్ గారిలో ఉంది, ఆ రోజు టాపర్‌గా నిలబడ్డ అబ్బాయిలోనూ ఉంది. నియాండర్తాల్‌ను మొద్దు మనిషన్న హెకెల్‌లో కూడా ఉండే ఉంటుంది. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిన్న ఎముక ముక్క ఒకటి సుమారు 90 వేల ఏళ్ల నాటి ఒక అమ్మాయిది. తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్. టిబెట్ వాళ్లు గాలి పలచగా ఉండే ఎత్తు కొండల మీద తేలిగ్గా బతకడానికి సాయపడే ఒక జన్యువు డెనిసోవన్ల నుంచే వచ్చింది. కాబట్టి ఏప్‌ల కథకు ఇప్ప చెట్టు కొమ్మలు పోలిక అయితే, మనుషుల కథకు గోదావరి పాయలు సరిపోతాయి. లంక దగ్గర విడిపోతాయి, కింద మళ్లీ కలుస్తాయి.

ఇప్పుడు మన సంగతికి వస్తా. నియాండర్తాల్‌కు చేసిందే బతికున్న మనుషులకూ చేశారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ ముక్కు వెడల్పు కొలిచి కులాల ఎక్కువ తక్కువలు చెప్పాడు. ముక్కు ఎంత వెడల్పయితే ఆ మనిషి అంత కింద. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో కొలతల పరికరాలు పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఆయన ఏడు సంపుటాల పుస్తకం 1909లో వచ్చింది. మన తెగల గురించి రాసేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని ముందు పెట్టుకుంటారు. అమెరికాలో ఇంకా ఘోరం. కాంగో నుంచి తీసుకుపోయిన ఓటా బెంగా అనే యువకుణ్ని 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో కోతుల బోనులో ఒరాంగుటాన్ పక్కన నిలబెట్టి జనానికి చూపించారు. నల్లజాతి పాస్టర్లు గొడవ చేస్తే బయటికి వదిలారు. ఆయన మళ్లీ ఇంటికి పోలేకపోయాడు. 1916లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు.

పాత కథలే కదా అనుకోకండి. 1965లో, అంటే ఆ బొమ్మ వచ్చిన సంవత్సరమే, మన దేశంలో లోకూర్ కమిటీ ఒక తెగను షెడ్యూల్డ్ తెగగా గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది. అందులో మొదటిది ఏమిటో తెలుసా? ఆదిమ లక్షణాలు. చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు వంటి వాళ్లను 2006 దాకా సర్కారు కాగితాల్లో ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్ అనే రాశారు. తర్వాత ఆ మాట తీసి పర్టిక్యులర్లీ వల్నరబుల్ అని పెట్టారు. కానీ మా వైపు ఆఫీసుల్లో ఇప్పటికీ పీటీజీ అనే పిలుస్తారు.

ఆదివాసీ, ఆదిమ. రెండు మాటలూ ఒకేలా వినబడతాయి, జాగ్రత్త. ఆదివాసీ అనే మాట నేల గురించి చెబుతుంది: ఈ చోట ముందు నుంచి ఉన్నవాళ్లు అని. ఆదిమ అనే మాట మనిషి గురించి చెబుతుంది: వీడు మొదటి రకం, ఇంకా పూర్తిగా తయారు కాలేదు అని. మొదటిది చరిత్ర. రెండోది అబద్ధం. భూమ్మీద ఇవాళ బతికున్న ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా డీఎన్‌ఏ అక్షరాల్లో తేడా వెయ్యికి ఒకటి చొప్పున ఉంటుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసేవాడి వెనక ఎన్ని లక్షల ఏళ్లు ఉన్నాయో, నల్లమలలో తేనె తీసే చెంచు వెనకా అన్నే ఉన్నాయి. ఒక్క రోజు కూడా తక్కువ లేదు. విల్లంబు పట్టుకున్నవాడు పాత మనిషి, ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడు కొత్త మనిషి అనడానికి ఎముకల్లో గానీ, డీఎన్‌ఏలో గానీ ఏమీ లేదు. తేడా అంతా బడి ఎంత దూరం, రోడ్డు ఎప్పుడొచ్చింది, భూమి ఎవరు లాక్కున్నారు అన్న దాంట్లో ఉంది.

ఇక్కడ మనోళ్లకు కూడా ఒక మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ మధ్య మన గ్రూపుల్లోనే 'మాది స్వచ్ఛమైన రక్తం, డీఎన్‌ఏ కూడా నిరూపించింది' అని పోస్టులు వస్తున్నాయి. వద్దు. 2009లో మన దేశంలోని చాలా సమూహాల డీఎన్‌ఏ పరిశీలించినప్పుడు కులాలు, తెగలు అన్నిట్లోనూ పాత కలయికలు కనబడ్డాయి. పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పొర పైనా దొరికాయి. ఎవరో ఆ బూడిద పడకముందూ అక్కడ బతికారు, పడ్డాకా బతికారు. వాళ్ల ఎముకలు మాత్రం దొరకలేదు. మన రకం మనుషులా, అంతకుముందు రకమా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. అది మా తాత గొడ్డలే అని నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. స్వచ్ఛమైన రక్తం అనే మాట మనల్ని కొలిచినవాళ్ల మాట. ముక్కు కొలిచే కర్రను వాళ్ల చేతిలోంచి లాక్కుని మనం పట్టుకుంటే లాభమేముంది? 1/70 చట్టం డీఎన్‌ఏ రిపోర్టు అడగదు. అటవీ హక్కుల చట్టం అడిగేది 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి నీ స్వాధీనంలో ఉందా అని. మన హక్కు అక్కడుంది. దాన్ని అక్కడే అడుగుదాం.

జంతువుతో చుట్టరికం అంటే చిన్నతనంగా అనిపించడం కూడా మనది కాదు, అది బయట నుంచి వచ్చిన సిగ్గు. టేకాం ఇంటిపేరు వాళ్లకు టేకు చెట్టు చుట్టం. మర్కాం వాళ్లకు మామిడి. చెట్టును వరస పెట్టి పిలిచేవాళ్లం, చింపాంజీని అన్నా అంటే పరువు పోతుందా?

ఒక పిల్లవాడు ఆ రోజు అడిగాడు, "అక్కా, ఇవన్నీ మా పుస్తకంలో లేవు కదా" అని. నిజమే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు నుంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, సైన్సును ప్రేమించేవాళ్లు కలిసి అది తప్పని సంతకాలు పెట్టారు. మన పిల్లలు చదివే ఏకలవ్య స్కూళ్లలో చాలావాటిలో సీబీఎస్ఈ సిలబసే. పన్నెండో తరగతి బయాలజీలో ఆ పాఠం ఉంది గానీ, పది తర్వాత సీఈసీకో ఐటీఐకో పోయే పిల్లలు దాన్ని ఎప్పుడూ చూడరు. కానీ ఆ వాట్సాప్ బొమ్మను మాత్రం అందరూ చూస్తారు. మీ ఊళ్లో పదో తరగతి పిల్లలుంటే పాత పుస్తకం ఒకటి సంపాదించి ఆ పాఠం చదివించండి. తెలుగులో చెప్పేవాళ్లు లేకపోతే ఈ పేజీకి మెసేజ్ పెట్టండి, ఆదివారం పూట నేనే వస్తాను. బల్ల అక్కర్లేదు, బడి గోడ, సుద్దముక్క ఉంటే చాలు. కొమ్మలు నేను గీస్తాను, పేర్లు పిల్లల చేత రాయిద్దాం.

జోహార్.